సాన పట్టిన మాటలు

మంగఫ్, కువైట్
డిసెంబర్ 6, 2024

మామయ్యకు,

నమస్కారాలు అని రాసి ఊరుకుంటే మీరు ఒప్పుకోరు గనుక, నడుము వంచి పెట్టాననే అనుకోండి. ఫోనులో మాట్లాడితే మీకు వినపడదు. మెసేజ్ పెడితే కోడిగీతలని విసుక్కుంటారు. అందుకే మీరు కోరినట్టు నిండు ఉత్తరం రాసి ఈమెయిల్లో పంపుతున్నాను. మీరు వారానికోసారి తప్ప ఆ కంప్యూటర్ తెరవరని తెలుసు. తెరిచాక వీధికంతా వినపడేలా చదువుకుంటారనీ తెలుసు. కాబట్టి అత్తయ్యకు వేరే నమస్కారం రాయక్కర్లేదు.

పని ఉండే రాస్తున్నాను. మా అనూహ్య స్కూల్లో ఇంగ్లిష్ మాటల పోటీ పెట్టారు. ఒక్కో పిల్లకు ఒక్కో విషయం ఇచ్చి, ఆ విషయం మీద పాత ఇంగ్లిష్ మాటలు వెతికి, వాటి తొలి అర్థాలేమిటో స్టేజీ మీద చెప్పమన్నారు. దీనికి వచ్చిన విషయం పదును. ఫిబ్రవరిలో పోటీ. "తాతయ్య కాలేజీలో చెప్పింది ఇదే కదా, తాతయ్యను అడుగు" అని నా ప్రాణం తీస్తోంది. మీ దగ్గరున్నవి నాలుగు పంపండి.

ఇంకో సంగతి. ఇది ఎడమ చూపుడువేలికి కట్టుతో టైపు చేస్తున్నాను. మా వంటింటి కత్తులు మీరూ చూశారు. పెళ్ళయిన కొత్తలో కొన్నవి. టమాటా మీద పెడితే టమాటా నవ్వేది. అలాంటి కత్తి నిన్న ఉల్లిపాయతో పాటు నా వేలినీ కోసేసింది. చూస్తే అన్ని కత్తులూ పదునెక్కి ఉన్నాయి. శరత్‌కు సిటీలో షర్క్ వైపు ఆఫీసు, ఇంటికొస్తే సోఫా, ఈయన కత్తికి సాన పట్టే మనిషి కాదు. అనూహ్య కత్తి ముట్టదు. ఇక మిగిలింది గంగాదేవి.

గంగాదేవి గురించి చెప్పానో లేదో. సెప్టెంబరులో బాబు పుట్టినప్పటి నుంచీ పగలంతా మా ఇంట్లోనే ఉండి వాణ్ణి చూస్తుంది. సాయంత్రం ఈ బిల్డింగులోనే మరో రెండు ఇళ్ళలో పని చేసుకుని పోతుంది. రాయచోటి దగ్గర ఊరు. ఇక్కడ చాలాకాలం అరబ్బుల ఇళ్ళలో చేసింది గనుక యజమానురాలిని పిలిచినట్టే నన్నూ "మామా" అంటుంది. పని బాగా చేస్తుంది. మాట మాత్రం తక్కువ. ఎక్కువ మాట్లాడేవాళ్ళ కంటే వీళ్ళతోనే భయం నాకు.

మీ
సీత

విజయవాడ
డిసెంబర్ 12, 2024

చి. సీతకు,

వేలు తెగినందుకు విచారిస్తూ, మాటలు అడిగినందుకు అంతకు రెట్టింపు సంతోషిస్తూ మామయ్య రాసేది.

అనూహ్య టీచరెవరోగాని బుర్రున్న మనిషి. ఈ కాలంలో పదును గురించి అడిగేవాళ్ళే లేరు. ముందు 'ఎడ్జ్' రాసుకోమను. ఈనాడు బల్లకూ అంచే, బావికీ అంచే. వెయ్యేళ్ళ కిందట ఆ మాటకు కత్తి వాదర, అంటే తెగే అంచు, అనే అర్థం. కవులైతే కత్తినే ఆ పేరుతో పిలిచేవాళ్ళు. దీని చుట్టం ఒకటుంది, 'ఎగ్' అని. కోడిగుడ్డుతో దీనికి పొత్తు లేదని పిల్లకు గట్టిగా చెప్పు. ఉత్తర సముద్రం దాటి ఓడల మీద వచ్చినవాళ్ళు ఇంగ్లండులో వదిలిపోయిన మాట. ఒకణ్ణి ఎగదోసి కొట్లాటకు పంపడం దాని అర్థం. అంటే మనిషికే వాదర పెట్టడం. చూశావా, ఎంత మాటో!

తర్వాత 'కీన్'. ఇవాళ పదునైన చూపుకీ, పదునైన కత్తికీ వాడతాం. పుట్టినప్పుడు దానికి కత్తితో పనే లేదు. ధైర్యం గలవాడు, తెలివి గలవాడు అని అర్థం. మనిషి గుణమే ముందు, కత్తికి అంటుకున్నది ఆ తర్వాతే. ఇది స్టేజీ మీద చెబితే చప్పట్లు ఖాయం.

ఇక నీ కత్తుల సంగతి. అడక్కుండా మేలు చేసేవాళ్ళను నేను నమ్మను సీతా. ఉద్యోగమంతా పరీక్ష హాళ్ళలో కాపలా కాసినవాణ్ణి. "సార్, మంచినీళ్ళు తేనా" అని తనంతట తను లేచినవాడి చొక్కా మడతలోనే నాకు స్లిప్పులు దొరికేవి. ఊరకే ఎవరూ సాన పట్టరు. ఎందుకు పట్టిందో కనుక్కో. అడిగినప్పుడు నోటి వంక చూడకు, చేతుల వంక చూడు.

ఆ అమ్మాయి నిన్ను మామా అంటుందా? మన కుటుంబంలో ఆ పదవి ఒక్కటే ఉంది, మీ అమ్మ తోడబుట్టినవాడిగా అది నాది. చెప్పి ఉంచు.

ఆశీస్సులతో
వాసుదేవరావు

మంగఫ్
డిసెంబర్ 20, 2024

మామయ్యకు,

మాటలు అందాయి. అనూహ్య 'ఎగ్' గురించి క్లాసంతా చెప్పి, నలుగుర్ని ఎగదోసి, టీచరుతో చీవాట్లు తిని వచ్చింది.

గంగాదేవిని అడిగాను. "మొండిగా ఉండాయి మామా, అందుకని రుద్దితిని" అంది. దేని మీద రుద్దావంటే పింగాణీ పళ్ళెం బోర్లించి, అడుగున గరుకుగా ఉండే అంచు చూపించింది. అతిథులకని దాచిన నా పళ్ళేలు! ఒక్కోదాని అడుగున బూడిదరంగు గీతలు. చేతుల వంక చూడమన్నారు కదా, చూశాను. కొంగుకు తుడుచుకుంటూ ఉంది. తడి చేతులో, దాచే చేతులో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాతే ఇంకోటి గమనించాను. నల్ల పిడి ఉన్న చిన్న కత్తి కనపడటం లేదు. సొరుగులన్నీ వెతికాను. అడిగితే "యాడో ఉంటాదిలే మామా" అంది. వస్తువు పోతే నాతో పాటు వెతకాలి కదా, ఆ మనిషి వెతకలేదు.

అప్పట్నుంచీ అన్నీ కనపడుతున్నాయి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు బాబు గదిలో తలుపు దగ్గరగా వేసి ఫోనులో గుసగుసగా మాట్లాడుతుంది. నేను వచ్చిన అలికిడికి ఖలాస్, ఫోను కొంగులోకి పోతుంది. ఎవరితో అంటే "ఊరోళ్ళతో" అంటుంది. బాబు పక్కబట్టలు నన్ను మార్చనివ్వదు. చెయ్యి వేస్తే చాలు, "నేను మారుస్తాలే మామా" అని పరిగెత్తుకొస్తుంది. ఇన్నాళ్ళూ అది మంచితనమనుకున్నాను.

శరత్‌కు చెబితే "నీకు నిద్ర చాలక అలా అనిపిస్తోంది" అన్నాడు. ఆయన అనుమానపడే దాకా ఆగితే బాబు పెళ్ళీడుకొస్తాడు. మీరైతే అర్థం చేసుకుంటారు. ఇంకో నాలుగు మాటలు కూడా పంపండి.

సీత

విజయవాడ
డిసెంబర్ 28, 2024

చి. సీతకు,

మొదట మాటలు, తర్వాత వ్యవహారం. లేకపోతే వ్యవహారం మాటలను మింగేస్తుంది.

'వెట్' అంటే సాన పట్టడం. దాని తల్లి మాటకు పదునైన అనీ, పరాక్రమం గల అనీ అర్థాలు. 'హోన్' అంటే సానరాయి. మొదట్లో వట్టి రాయి మాత్రమే. ఏ రాయైనా సరే. తర్వాతే కత్తి రుద్దే రాయికి పేరైంది. 'బిటర్' అంటే మనకు చేదు. అసలు అది కొరుకు అనే మాటకు పుట్టింది, కొరికేది అని అర్థం. గాయానికీ వాడేవాళ్ళు, కత్తికీ వాడేవాళ్ళు, కాకరకాయ తర్వాతి సంగతి. 'స్నెల్' అనే మాటను ఇప్పుడు ఇంగ్లిష్ వాళ్ళే మరిచిపోయారు. చురుకైన అని అర్థం. ఉత్తరాన చలిదేశంలో మాత్రం కోసేసే గాలికి ఇప్పటికీ అదే మాట. మీ ఎడారిలో డిసెంబర్ గాలికి అనూహ్య వాడి చూపించవచ్చు.

ఇక వ్యవహారం. పోయిన వస్తువు, మూసిన తలుపు, దాచిన ఫోను. ఒక్కొక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. మూడూ ఒకే మనిషి దగ్గర చేరితే దాన్ని నేను కాపీ అంటాను. ఫోనులో అవతల ఎవరున్నారు? నీ ఇంట్లో ఏ వేళకు ఎవరుంటారో ఎవరికి చెబుతోంది? శరత్ మంచివాడు, మంచివాళ్ళను ఇన్విజిలేషన్‌కు వెయ్యకూడదు. నా మాట విని ఆ అమ్మాయి సంచి ఒకసారి చూడు. చెప్పి చూస్తే ఏమీ ఉండదు, చెప్పకుండా చూడు.

నీ ఉత్తరం చదువుతుంటే మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఏదో గట్టిగా చెప్పింది. చేతులు తిప్పింది, చెంపలు వాయించుకుంది. వినే మిషను పెట్టుకుంటే ఈలవేస్తుందని సొరుగులో పడేశాను కదా, ఒక్క ముక్క అర్థం కాలేదు. కూరలో ఉప్పు సంగతే అయి ఉంటుంది. అర్థమైనంతలో ఆ గంగాదేవిని వెనకేసుకొస్తున్నట్టుంది. మొహం చూడని మనిషి మీద ఈవిడకెందుకంత ప్రేమ? ఆడవాళ్ళ జాలికి అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు.

జాగ్రత్త.
వాసుదేవరావు

మంగఫ్
జనవరి 15, 2025

మామయ్యా,

మీరు చెప్పినట్టే చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పోయిన వారం గంగాదేవి బాబుకు నీళ్ళు పోస్తుంటే గుమ్మం వెనక తగిలించిన సంచి దించి వెతికాను. కాగితంలో చుట్టిన సగం రొట్టె, దువ్వెన, కూతురి ఫొటో, గుర్తింపు కార్డు ఉన్నాయి. ఆ అమ్మాయి కడపలో నర్సింగు చదువుతోంది. దాని చదువు అయిపోయేదాకా ఇక్కడే ఉండాలని ఎప్పుడో చెప్పింది. కత్తి లేదు. తల ఎత్తేసరికి తడి చేతులతో ఎదురుగా నిలబడి ఉంది. సంచి నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పూర్తిగా కుమ్మరించి, "బాగ సూసుకో మామా" అంది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఆమె మీద ఇంకా కోపం వచ్చింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఇక మొన్న సోమవారం. బాబు పక్క తడిపాడు. గంగాదేవి వంటింట్లో ఉంది. నేనే పరుపెత్తాను. పరుపు కింద, చెక్క మీద, పాత గుడ్డలో చుట్టి నల్ల పిడి కత్తి! గుడ్డ విప్పి వేలు ఆనిస్తే ఎంత పదునుందో తెలిసింది. నా కొడుకు దాని మీద పడుకుంటున్నాడు మామయ్యా. ఎన్నాళ్ళ నుంచో నాకు తెలియదు.

అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. పరిగెత్తుకొచ్చింది. ఎందుకు పెట్టావని అడిగితే "బిడ్డ కోసరమే పెట్టినా మామా" అంది. బిడ్డ కోసం కత్తి ఏమిటి? ఎవరు పెట్టమన్నారని అడిగాను. ఫోనులో మాట్లాడేది ఎవరితోనని అడిగాను. "ఎవురూ చెప్పల్యా. నేనే పెడితి" అంది. ఆ మాట తప్ప ఇంకో మాట పెగల్లేదు. పోలీసులకు చెబుతానంటే కూడా పెగల్లేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు.

ఆ సంచిలోంచే ఆమె బతాకా, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, లాక్కున్నాను. కార్డు లేకుండా ఎక్కడికీ పారిపోవడానికి వీలుండదు. ఇక్కడ ఉండనిచ్చే ఆమె ఇఖామా కాగితం వేరే యజమాని, అంటే కఫీల్, పేరు మీద ఉంది. మా ఇంట్లో పని చేయడమే ఇక్కడి చట్టానికి తప్పు. ఒక్క ఫిర్యాదు చాలు, పట్టుకుని విమానం ఎక్కించేస్తారు, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. మాకూ చిక్కే గాని, బాబు కంటే ఎక్కువా? బిల్డింగు కాపలా చూసే దావూద్‌కు ఆమెను లోపలికి రానివ్వొద్దని చెప్పాను. కారణం అడిగితే అదీ చెప్పాను. సాయంత్రానికి మిగతా రెండు ఇళ్ళవాళ్ళూ ఆమెను మానిపించేశారు.

వచ్చే ఆదివారం పొద్దున శరత్ సెలవు పెట్టి స్టేషనుకు వస్తానన్నాడు. ఇష్టం లేకుండానే. అత్తయ్య నిన్నటి నుంచి ఊరికే ఫోను చేస్తోంది. బాబు పుట్టినప్పుడు నల్ల తాడు గొడవయ్యాక ఆవిడతో సరిగా మాట్లాడలేదు కదా. ఇప్పుడు ఎత్తితే ఆ మనిషినే వెనకేసుకొస్తుందని ఎత్తడం లేదు. నేను చేసేది సరైనదేనా? మీరు ఒక్కరు చెప్పండి చాలు.

సీత

విజయవాడ
జనవరి 18, 2025, శనివారం

సీతా,

ఆశీస్సులూ మాటలూ ఈసారి లేవు. స్టేషనుకు వెళ్ళకు. మళ్ళీ రాస్తున్నాను, వెళ్ళకు.

ఇవాళ మధ్యాహ్నం నీ ఉత్తరం తెరిచి, నా అలవాటు ప్రకారం గట్టిగా చదువుతున్నాను. పరుపు కింద కత్తి దగ్గరికి రాగానే మీ అత్తయ్య వచ్చి నా భుజం పట్టుకుని కుదిపింది. ఏమిటే అంటే వంటింట్లోకి పోయి కత్తిపీట పక్కనుండే చాకు తెచ్చింది. నా మంచం దగ్గరికి వెళ్ళి నా దిండు ఎత్తి కింద పెట్టింది. దిండు మీద చంటిపిల్లను జోకొట్టినట్టు జోకొట్టింది. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని "నేను, నేను" అంది. ఆ ఒక్క మాట మాత్రం పెదవుల మీద నాకు అర్థమైంది.

సొరుగులోంచి మిషను తీసి చెవిలో తనే కుక్కింది. అది ఈలవేస్తుంటే అంతా చెప్పింది. ఆ కత్తి పెట్టించింది మీ అత్తయ్యే.

ఈవిడ పంపిన నల్ల తాడు నువ్వు తెంపి, దిష్టిచుక్క తుడిచి, ఈ మూఢనమ్మకాలు నా ఇంట్లో వద్దని గట్టిగా కసిరావట కదా. అప్పట్నుంచీ నీతో చెప్పడానికి భయపడిందట. కానీ గాలి సోకకుండా చంటివాడి దగ్గర ఇనుము ముక్కయినా లేకుండా ఎడారిలో పడుకోబెడుతున్నారని ఈవిడకు నిద్ర పట్టలేదు. అనూహ్య దగ్గర నంబరు తీసుకుందట. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు గంగాదేవి ఫోనులో బాబుని చూపించేదట. ఆ వేళకే ఈవిడ ఫోను చేసేది. చంటివాడి తలకింద ఇనుము పెట్టమనీ, నీకు మాత్రం చెప్పొద్దనీ మాట తీసుకుందట. నువ్వు చెప్పిన ఊరోళ్ళు మీ అత్తయ్య! నేను పక్క గదిలోనే కూర్చుని కనిపెట్టలేకపోయాను. ఫోను ఎన్నిసార్లు మోగి ఉంటుందో నాకేం తెలుసు?

డిసెంబరులో నేను నీ ఉత్తరం చదువుతుంటే చెంపలు వాయించుకుంది ఇది చెప్పడానికేనట. నేను ఉప్పు అనుకున్నాను. నాకు వినపడలేదని, చల్లగా సర్దుకుంటుందిలే అని ఊరుకుందట. ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు? మంగళవారం నుంచీ గంగాదేవి ఫోను ఎత్తకపోయేసరికి నీకు చేస్తోందట, నువ్వూ ఎత్తడం లేదట.

నాకూ తట్టాల్సింది సీతా. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ మంచం కింద కొడవలి ఉండేది. దాని మీద కాలు పడుతుందని నన్ను ఆ గదిలోకే రానిచ్చేవాళ్ళు కాదు. అది చూసినవాణ్ణి, బాలింత ఇల్లు, పోయిన కత్తి అని నువ్వు రాస్తే దొంగతనమే అనుకున్నాను. నీకు వాదర పెట్టింది నేనే. సంచి వెతకమన్నదీ నేనే. నాకు చాలా బాధగా ఉంది. ఈవిడ పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆ అమ్మాయి పేరు చెప్పనందుకు ఇంకా ఏడుస్తోంది.

వెళ్ళకు. ఆ కార్డు ఇచ్చెయ్యి.

మామయ్య

మంగఫ్
జనవరి 20, 2025

మామయ్యా,

నిన్న పొద్దున మీ ఉత్తరం చూసేసరికి చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉన్నాం. శరత్ కారు తాళాలు వెతుకుతున్నాడు. మాటలు వచ్చాయేమోనని అనూహ్య నా మెయిల్ తెరిచింది. "అమ్మా, తాతయ్య ఈసారి మాటలేం పంపలేదు, నిన్నెక్కడికో వెళ్ళొద్దంటున్నాడు" అని అరిచింది. అలా ఆగాం. పిల్లకు పోటీ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను.

ఇనుము పెడతారని నేనూ విన్నాను. ఇనుప మేకో, తాళంచెవో అనుకునేదాన్ని. సాన పట్టిన కత్తి అని ఎవరనుకుంటారు? అదే గంగాదేవిని అడిగాను. అవును, వెళ్ళాను. కార్డు పట్టుకుని నేనే వెళ్ళాను.

మా వెనక సందులో, కంపెనీ బస్సులు ఆగే చోట పాత బిల్డింగు. గౌసియా బీ అనే ఆవిడతో కలిసి ఒక గదిలో ఉంటుంది. గౌసియా బీయే తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి రమ్మనకుండా పక్కకు తప్పుకుంది. "కార్డు లేకపోతే కిందికి దిగుతాదా? దావలో పోలీసులు నిలబడి ఉంటే? కిటికీ దగ్గర కూచోని రోడ్డు సూస్తానే ఉంది" అని గొణిగింది. గంగాదేవి కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. కార్డు ఇచ్చాను. రెండు వైపులా చూసుకుని రవికలో పెట్టుకుంది.

"చిన్న కత్తి అంత పదునుగా ఎందుకు పెట్టావు?" అన్నాను. ముందు అడగాల్సింది అది కాదు. కానీ అదే వచ్చింది.

"మొండి కత్తికి యా గాలి బయపడ్తాది మామా?" అంది. "బిడ్డ కోసరం దాన్ని రుద్దితి. ఆ చేత్తోనే మిగిలినవీ రుద్దితి. గుడ్డ బాగా చుట్టినా. దినమూ నేనే సూసుకునేదాన్ని."

"పెద్దామె పెట్టమందని ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా. పోలీసులన్నా చెప్పలేదేం?"

బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "చెప్పనని మాటిస్తి. చెప్పింటే నువ్వు ఆయమ్మతో మళ్ళా మాట్లాడ్తావా? నేను ఈడ పనిమనిషిని, ఇయాల ఉంటా, రేపు పోతా. ఆయమ్మ నీకు పుట్టింటి మనిషి గదా."

నేను అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను మామయ్యా. మళ్ళీ రమ్మన్నాను. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. "సులైబియాలో కూరగాయల గోడౌన్లో పని ఉందంట, గౌసియా అక్క చెప్పింది. సూద్దాం" అంది.

మిగతా రెండు ఇళ్ళకూ నేనే వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఒకావిడ విని, "అయ్యో పాపం" అని, "ఎందుకైనా మంచిది, మేం వేరే అమ్మాయిని పెట్టుకున్నాంలెండి" అంది. ఆ మాట నేర్పింది నేనే. వెనక్కి తీసుకోవడం మాత్రం నా వల్ల కావడం లేదు.

అత్తయ్యకు ఫోను చేశాను. ఇద్దరం కాసేపు ఏడ్చుకుని పెట్టేశాం.

సీత

విజయవాడ
జనవరి 27, 2025

చి. సీతకు,

మిషను రోజూ పెట్టుకుంటున్నాను. ఈల వేస్తే వేస్తుంది. ఇల్లంతా ఇంత చప్పుడుగా ఉంటుందని నాకు తెలియదు. మీ అత్తయ్య ఫోనులో మాట్లాడుతుంటే వింటున్నాను. నన్ను గురించి కూడా బోలెడు చెబుతోంది.

అనూహ్యకు ఆఖరి మాట ఒకటి. పదునుకు ఇన్ని మాటలు చెప్పాను, అన్నిటికీ తాతముత్తాతల పేర్లు దొరికాయి. మొండి కత్తిని 'బ్లంట్' అంటారు కదా, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ సరిగా తెలియదు. పండితులు కూడా చేతులెత్తేశారు. పదును పోగొట్టే విద్య ఎవరూ రాసి పెట్టినట్టు లేదు.

ఆ అమ్మాయి వచ్చిందా? రాగానే రాయి. నేను వారం ఆగను, రోజూ కంప్యూటర్ తెరుస్తున్నాను.

మామయ్య

మంగఫ్
ఫిబ్రవరి 14, 2025

మామయ్యకు,

పోటీలో అనూహ్య రెండో బహుమతి తెచ్చుకుంది. 'కీన్' అంటే మొదట ధైర్యమని చెప్పి, ఉదాహరణ ఇవ్వమంటే "మా గంగాదేవి ఆంటీ, పోలీసులన్నా ఇచ్చిన మాట తప్పలేదు" అందట. జడ్జీలకు ఏమీ అర్థం కాలేదు గాని, అది చెప్పిన తీరు చూసి చప్పట్లు కొట్టారట. మొదటి బహుమతి 'స్పూన్' మీద మాట్లాడిన పిల్లకు వెళ్ళింది. మీకు కోపం వస్తుందని తెలుసు.

గంగాదేవి వచ్చింది. పది రోజులైంది. గోడౌన్లో చలికి చేతులు పగిలాయట. అందుకే వచ్చిందో, బాబు కోసం వచ్చిందో అడగలేదు. వాడు ఆమెను చూడగానే కాళ్ళు కొట్టుకుని నవ్వాడు. నల్ల పిడి కత్తిని నేనే గుడ్డలో చుట్టి పరుపు కింద పెట్టాను. ఆమె చూసి, పక్కబట్ట సర్దింది.

అన్ని పనులూ చేస్తోంది. కత్తి మాత్రం ముట్టదు. కూరగాయలు కడిగి పళ్ళెంలో పెట్టి, "కోసుకో మామా" అని పక్కకు జరుగుతుంది. నేనే కోసుకుంటున్నాను. కత్తులు మళ్ళీ మొండిబారుతున్నాయి. పింగాణీ పళ్ళెం బోర్లించి రుద్దుదామని ప్రయత్నించాను, నాకు చేతకాలేదు.

ఇంకొకటి ఉంది. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, సంచి రెండు చేతులా తెరిచి నా ముందు పెడుతుంది. మొదటి రోజు "వద్దు గంగాదేవీ, నువ్వు అలా చెయ్యకు" అన్నాను. "ఉండనీ మామా, నీకూ మంచిది, నాకూ మంచిది" అంది. కోపంగా అనలేదు. తలుపు వేసుకొమ్మన్నంత మామూలుగా అంది. చేతులు పట్టుకుని వద్దని ఏడ్చాను ఒకరోజు. ఏడుపు అయిపోయేదాకా ఆగి, మళ్ళీ తెరిచింది. నేను మొహం తిప్పుకుంటే, చూసేదాకా అలాగే నిలబడుతుంది.

రొట్టె, దువ్వెన, కూతురి ఫొటో. ఇవాళ కూడా చూశాను మామయ్యా.

సీత